స్టార్ట్ లేని రిమోట్

ఆళ్లగడ్డ, ఆదివారం, 2006

నంద్యాలలో కంప్యూటర్‌కు తగిలించే గేమ్ రిమోట్లు చూసినా. అచ్చం మా పాత టీవీ గేమ్‌వి మాదిరే ఉండాయి.

"స్టార్ట్ బటన్ లేనిది లేదా అన్నా?" అని అడిగినా.

షాపాయన నవ్వినాడు. "అట్లాటిది ఎవురు కొంటారప్పా?"

మా పాతదాంట్లో రెండో రిమోట్‌కు స్టార్ట్ లేదు. అదెప్పుడూ చెల్లెలికే ఇచ్చేవాణ్ని. ఆట మొదలు కావాలంటే సునీత నన్ను బతిమాలాల్సిందే. "నొక్కు అన్నా, నొక్కు!" నీళ్లు తెచ్చిస్తేనే నొక్కేవాణ్ని. ఒక్కసారన్నా మొదటిది దాని చేతికియ్యలేదు.

సునీత చనిపోయి ఏడాదైంది.

స్టార్ట్ ఉండేవే రెండు కొన్నా. ఇంటికొచ్చి తగిలించి, ఇద్దరి ఆట పెట్టినా. రెండో రిమోట్ నేను పట్టుకున్నా. మొదటిది పక్క కుర్చీలో పెట్టినా.

నా దానికీ స్టార్ట్ ఉంది. నొక్కలేదు. ఈసారి సునీతే నొక్కాల.