గోరువెచ్చని నీళ్ళు

తమ్ముడు ఖాయ్‌కి,

నీకు ఉత్తరం రాసి నలభై ఏళ్ళయింది. ఇప్పుడూ ఇష్టమై రాయడం లేదు.

హనోయ్‌ని నాలుగు దిక్కులా కాచే దేవుళ్ళలో మన దక్షిణపు స్వామికి ఈ పున్నమికి ఏటేటా చేసే స్నానం చేయించాలి. మీ వదిన పోయి రెండు నెలలైంది. ఏటిసూతకంలో ఉన్నవాణ్ణి, విగ్రహాన్ని తాకకూడదు. నాన్న స్నానం చేయిస్తుంటే పళ్ళెం పట్టినవాళ్ళలో నేను కాక మిగిలింది నువ్వొక్కడివే.

నువ్వు పేటకి పార్టీ కార్యదర్శివై, గుడిని రేషన్ బియ్యం గోదాము చేసిన రోజు నేను మరిచిపోలేదు. పైకప్పు కారుతోంది, స్వామి మీద ఏదైనా కప్పించమని బతిమాలాను. "ఏం అన్నయ్యా, కొయ్యబొమ్మకి జలుబు చేస్తుందా?" అన్నావు. అందరూ నవ్వారు. మీ వదిన వెళ్ళి మా ఇంట్లో ఉన్న ఒక్క బొంతా తెచ్చి కప్పింది. ఆ చలికాలమంతా ఆవిడ దగ్గుతూనే ఉంది.

ఇన్నేళ్ళు చదివిన పుస్తకాల్లో నీకు తగిన తిట్లు చాలా ఏరి పెట్టుకున్నాను. తిట్టే ఓపిక లేదిప్పుడు.

ఊపిరి స్వామికి తగలకుండా మూతికి ఎర్రగుడ్డ కట్టుకో. ముందు అల్లం సారాతో తుడువు, తర్వాత సుగంధపు నీళ్ళు పొయ్యి. నేను గడప బయట నిలబడతాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయో లేదో మోచేత్తో చూసుకో. స్వామికి జలుబు చేస్తుంది.

మీ అన్నయ్య