పెళ్లిబండి తెల్ల తొడుగులు

ఏప్రిల్ 26, ఆదివారం
బండి బార్కస్‌లో పెళ్లి దావత్ నుంచి వచ్చింది. వెనక సీటు మీద నెయ్యి, డిక్కీలో మేక వాసన. మా ఆయన బకెట్ నిండా ఫినాయిల్ కలిపి డిక్కీ కడిగాడు. ఇప్పుడు మేకా, ఫినాయిలూ కలిసి వస్తున్నాయి.
అద్దాలకు పళ్లపొడి. తారు మచ్చలకు కిరసనాయిలు. టైర్లకు కొబ్బరినూనె... నా తలకు నూనె లేదు. అంబాసిడర్ టైర్లు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

ఏప్రిల్ 29, బుధవారం
సీటు తొడుగులు ఉతికాను. కుంకుడు రసంలో నానబెట్టి, జాడించి, నీలం పెట్టి ఆరేశాను. ఆయన ఎత్తి చూశాడు. పెళ్లికి పోయే బండి కదా, ఇంకా తెల్లగా ఉండాలట. ఇంకా అంటే ఎంతో చెప్పడు.

మే 3, ఆదివారం
మల్లేశం బావ వచ్చాడు. తమ్ముడి కోసం ఫ్యాక్టరీ నుంచి డబ్బా తెచ్చాడు. మిషన్ల మీది జిడ్డు కడిగే పొడి. నీళ్లలో కలిపితే బకెట్ వేడెక్కింది. దానితో ఇంజను కడిగారు. ఏళ్లనాటి మడ్డి ఊడి వాకిట్లో పారింది. అన్నదమ్ములిద్దరూ పిల్లల్లా చూస్తూ నిలబడ్డారు.
పోయేటప్పుడు బావ – చేతులకు గుడ్డ చుట్టుకో, నీళ్లు మస్తు పొయ్యాలె...
మొదటిది ఈయన వినలేదు.

మే 6
ఆయన వేళ్ల మీద పొట్టు లేస్తోంది. వెన్న రాశాను. ఏం గాదన్నాడు. అన్నం చెంచాతో తిన్నాడు.

మే 9, శనివారం
రేపు స్వరూప పెళ్లి. గోడ అవతలి పిల్ల. నా దగ్గరే అక్షరాలు దిద్దింది, నా దగ్గరే జడ వేయించుకుంది. పొద్దంతా వాళ్లింట్లోనే ఉన్నాను – పసుపు దంచడం, తెల్లచీరను పసుపు నీళ్లలో ముంచి ఆరేయడం. పొద్దుగూకి ఇంటికొస్తే నా చేతులు మోచేతి దాకా పసుపు.
తొడుగులు ఆయనే ఉతికాడు. ఆ పొడితో. నల్లా నీళ్లు రాలేదు. ఒక్క బకెట్‌తో జాడించి తీగ మీద వేశాడు. నిజమే, అంత తెలుపు నా కుంకుడుకాయలకు ఎన్నడూ రాలేదు. కొంచెం కుళ్లు పుట్టింది నాకు.

మే 10, ఆదివారం
అప్పగింతలు అయ్యాయి. పెళ్లికూతురి తల్లి అంజమ్మ వదిన బండి తలుపు పట్టుకుని వదల్లేదు, వేళ్లు ఒక్కొక్కటే విడదీశాను. పసుపు చీరలో స్వరూప. ఎండకు, ఏడుపుకు నిలువునా తడిసిపోయింది. తెల్ల తొడుగుల మీద కూర్చుని నా వైపు చూసి నవ్వబోయింది.
మొఘల్‌పురాలో అత్తారింట దింపి వచ్చాడు ఆయన. అన్నం వద్దన్నాడు.

మే 11
వదిన ఏడుస్తూ వచ్చింది. స్వరూపను గడప దాటనివ్వలేదట. బండి దిగేసరికి చీర వెనక ఎర్రగా మరక. అత్త రాధమ్మ చూసింది, ఊరేగింపుకు వచ్చిన చుట్టాలంతా చూశారు. హారతి పళ్లెం వెనక్కి పోయింది. పిల్లను పెరటి గదిలో మూలకు కూర్చోబెట్టారు.
ముట్టు దాచి పీటల మీద కూర్చుందంటున్నారు.
నాకింకా పది దినాలున్నది – అన్నదట స్వరూప. ఎవరూ వినలేదు. కూర్చున్నచోట ఒకటే మంట అని చెబితే, అది కూడా దాని కిందే కట్టారు.
ఆయన మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదు.

మే 13, బుధవారం
మంట. ఈ మాట రెండు రోజులుగా వదలడం లేదు.
చీర ముంచగా మిగిలిన పసుపు గుడ్డ ఒకటి వాళ్లింట్లోంచి తెచ్చుకున్నాను. నీళ్లు చల్లి, బండిలో వెనక సీటు మీద పరిచి, దాని మీద కూర్చున్నాను. లేచి చూస్తే గుడ్డ ఎర్రగా ఉంది.
దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎన్నిసార్లు కలపలేదు నేను... పసుపులో కాస్త సున్నం వేస్తే చాలు, ఎరుపు. కూర మరకకు సబ్బు తగిలినా అంతే. రోజూ చూసేదే. ఆ పొడీ సున్నం లాంటిదే. కానీ కారు సీటులో ఎవరు వెతుకుతారు?
గుడ్డ మీద నిమ్మచెక్క పిండాను. మళ్లీ పసుపు.
అక్కడే కూర్చుని ఏడ్చాను.

మే 14
ఆయనకు గుడ్డ చూపించాను. ఆ రోజు అద్దంలో పిల్ల కదులుతూ ఉండడం చూశాడట. సీటు కాలుతోందేమో అనుకున్నాడట. దిగినప్పుడు మరక చూశాక ఎందుకో తన వేళ్లే చూసుకున్నాడట.
అంటే ఆయనకు అనుమానం ఉంది. ఆదివారం నుంచీ.
వెళ్లి చెబుదాం పదమన్నాను.
"నోరు తెరిస్తే మన బండిని ఇగ ఎవ్వలు పెండ్లికి పిలుస్తరే? బతికేదే గీ బండి మీద."
"మరి స్వరూప?"
"నాలుగు దినాలు పోతే అందరు మరుస్తరు."
మగవాళ్లకు ఎంత తేలిక మరిచిపోవడం. కోపంగా ఉంది నాకు. ఆయన చేతులు చూస్తే మాత్రం మళ్లీ వెన్న గిన్నె అందుకున్నాను.

మే 15
మరవలేదు. పెద్దమనుషులను పిలిచి పిల్లను పుట్టింటికి పంపుతారని వదినకు కబురు వచ్చింది. సోమవారం.

మే 16
వంట చేశాను. ఆయన పళ్లెంలో చెంచా వేశాను.

మే 17, ఆదివారం
ఆయన లేవకముందే వెళ్లాను. కొంగున రెండు నిమ్మకాయలు.
రాధమ్మ కూర్చోమనలేదు. ఆ చీర ఏదని అడిగాను. మైల బట్ట అని ఎవరూ ముట్టలేదు, పెరట్లో గోనెపట్టా కింద ముద్దగా అలాగే ఉంది. నేనే తీశాను. మరక మసకబారింది, ఎరుపు మాత్రం ఉంది. ఆమె ముందే నిమ్మకాయ కోసి పిండాను. వేలితో రుద్దాను.
పసుపు... రాధమ్మ వంగి చూసింది. ఇంకో చెక్క ఆమే తీసుకుని పిండింది.
నెత్తురైతే ఇట్లా అవుతుందా అని అడిగాను. పొడి సంగతి, జాడించని తొడుగుల సంగతి, అంతా చెప్పాను. బండి మీదేనా అంది. మాదే అన్నాను.
ఆమె చీర మడిచి, మెల్లగా – "పెద్దమనుషులను రావద్దని చెప్త. అయిందేదో అయింది. గీ ముచ్చట ఇంట్లనే ఉండనియ్యి బిడ్డా."
మా ఇంట్లో ఆయనన్న మాటే.
స్వరూప పెరటి గది తలుపు దగ్గర నిలబడి ఉంది. గట్టిగా కూడా అనలేదు.
"మూలకు కూసోవెట్టింది అందరి ముంగట గద అత్తమ్మా. ఇంట్లనే ఎట్లుంటది?"
స్వరూప వచ్చి ఆమె చేతిలోంచి చీర తీసుకుంది. మరక సగం ఎర్రగానే ఉంది. నా దగ్గర మిగిలిన నిమ్మకాయ కూడా అడిగి తీసుకుంది.

మే 18, సోమవారం
పెద్దమనుషులు రాలేదు. వదిన వచ్చి చెప్పింది – రాధమ్మ చుట్టాలెవరికీ ఏమీ చెప్పలేదట. స్వరూప మాత్రం చీరను ఉతకడానికి వేయలేదట. తన పెట్టెలో పెట్టుకుందట.
వచ్చే ఆదివారానికి బండి మాట్లాడుకున్నవాళ్లు ఇంకా రాలేదు. వస్తారో రారో.
నిన్న ఎక్కడికి పోయానో ఆయన అడగలేదు. పొద్దున్నుంచి ఆ పొడి డబ్బా వెతుకుతున్నాడు, వాకిట్లో, బండి కింద, మంచం కింద.
నేను కుంకుడుకాయలు కొడుతున్నాను.