మట్టిపెడ్డ పట్టుకొని చెప్పిన మాట

జూన్ 1984, మంగళవారం

సర్కారు పట్వారీలను తీసేసి ఐదు నెలలాయె. నా దస్తరమంత, ఊరి భూముల కాగితాలన్ని, మూటలు గట్టి తాలూకా ఆఫీసుకు తీస్కపోయిండ్రు. కొలువు పోయింది గని జనం మాత్రం నన్ను ఇడుస్త లేరు. పొద్దుగాల్నే మళ్ల అరుగు నిండ కూసున్నరు. అందరికి మంచినీళ్లు ఇయ్యలేక మా ఇంటామె నా మీద కస్సుమన్నది.

తండా నుంచి మంగ్లి వచ్చింది. వాన పడ్డది, దున్నాలె, గట్టు చూపియ్యుమన్నది. ఆమె చేనుకు, దొర చేనుకు నడుమ గట్టు. దొర ఎన్నడో దున్నిచ్చి చెరిపేసిండు.

"నా తాన కాగితాల్లేవు, ఆఫీసుకు పో" అని కసిరిన.

"మూడుసార్లు పోయిన. మూటలే ఇప్పలేదట. కాగితాలు తీస్కపోయిండ్రు గని, నీ యాది గూడ తీస్కపోయిండ్రా బాపూ?"

అరుగు మీదున్నోళ్లంత లేచిండ్రు. నిరుడైతే దొర చేను దిక్కు ఒక్కడు గూడ వచ్చేటోడు గాదు. ఇయ్యాల ఊరోళ్లు, తండోళ్లు గూడి నన్ను తోలుకపోయిండ్రు. మంగ్లి మట్టిపెడ్డ నా చేతుల పెట్టి, "గిది పట్టుకొని ఒట్టేసి చెప్పు" అన్నది.

చూపిచ్చిన. అందరు కలిసి రాయి పాతిండ్రు. మంగ్లి జొన్నరొట్టె తుంపి తలా ఇంత పెట్టింది, నాకు గూడ. తిన్న.

ఇన్నేండ్లు నేను దస్తరంల గట్టు రాసింది దొర చెప్పినకాడ. ఇయ్యాల చూపిచ్చింది అసలు ఉన్నకాడ.

ఆఫీసుల ఆ దస్తరం మూట ఎప్పుడు ఇప్పుతరో. ఇప్పిననాడు మంగ్లి రాయి అబద్ధమని నా రాతనే సాక్ష్యం చెప్తది.