నీళ్లు తాగిన టర్బో

చిరంజీవి మా అమ్మాయికి నాన్న దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేను క్షేమం, మీ అమ్మ నాకంటే క్షేమం. నువ్వూ ఆ గనిలో వేళకి తిని, వేళకి నిద్రపోతున్నావని తలుస్తాను. నీ పోటీ కారు కూడా క్షేమమే. దాని గురించి కింద వివరంగా రాస్తాను, కంగారు పడకు. ఆదివారం నీకు ఫోను దొరికే అయిదు నిమిషాలూ మీ అమ్మే మింగేస్తుంది కాబట్టి నాకు ఈ ఉత్తరమే గతి.

నీ పోయిన ఉత్తరంలోని ప్రశ్నలకి జవాబులు. మీ అమ్మ మోకాలు నయం. మెట్లు దిగేటప్పుడు మాత్రం మూలుగుతుంది, అదీ నేను వినేంత దూరంలో ఉంటేనే. మేడల మీద నీళ్ల ట్యాంకులెక్కడం నేను మానేశాను. ఒక్కటి ఎక్కాను, అది చిన్నది, లెక్కలోకి రాదు. మన పైవాటాలో అద్దెకున్న టీచరమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది. ఈ వ్యవహారంలో ఆవిడ తప్పేమీ లేదు, ముందే చెబుతున్నాను.

"పార్సిల్ వస్తే విప్పకుండా అటక మీద పెట్టండి, నేను వచ్చేదాకా ఎవరూ కారు మీద చెయ్యి వేయొద్దు, ముఖ్యంగా నాన్న" అని రాశావు. పార్సిల్ వచ్చింది. పైపు చాలా బాగుంది.

ఇక్కడిదాకా నా భుజం మీద నుంచి చదివి, "నీళ్ల సంగతి రాశారా?" అంది మీ అమ్మ.

"వరసలో వస్తుంది" అన్నాను.

"నీళ్లు నమలకుండా రాయండి" అని వంటగదిలోకి పోయింది.

విప్పకుండా బాగుందని ఎలా తెలిసిందని నీకు అనుమానం వచ్చే ఉంటుంది. విప్పాను. ముప్పై అయిదేళ్లు ఊళ్లోవాళ్ల పైపులు బిగించి నిన్ను పెంచినవాడిని. అలాంటివాడి ఇంటికి కొత్త పైపు పంపి చూడొద్దంటే ఎలా? నీలం రంగులో, నున్నగా, నా మణికట్టు కంటే లావుగా ఉంది. కారులో ఉన్న పాతది దాని ముందు ముడతలు పడి, సన్నగా, జాలి పుట్టేలా ఉంది. దానితో గాలి పీల్చాలంటే ఏ ఇంజినుకైనా ఆయాసమే. టర్బో అంటే ఇంజినులోకి గాలిని బలవంతంగా తోసే పంకా అని నువ్వే ఒకసారి చెప్పావు. గాలి వడకట్టే డబ్బా నుంచి ఆ టర్బో మూతిదాకా ఒక పైపు, రెండు కొసలకీ రెండు క్లాంపులు, పక్కన ఒక పిల్ల గొట్టం. ఇలాంటివి ఎన్ని వేలు బిగించలేదు అనుకున్నాను.

మంగళవారం మీ అమ్మ బజారుకి వెళ్లగానే షెడ్డు తలుపు తీశాను. పైపుతో వచ్చిన కాగితం నాకు అర్థమయ్యే భాషలో లేదు. టీచరమ్మని పిలిస్తే పాపం కిందికి వచ్చి, ఒక్కో వరసా చదివి అర్థం చెప్పింది. పాత పైపు కింది క్లాంపు నాకు మూడు చెరువుల నీళ్లు తాగించింది. ఎవడో తలతిక్కవాడు స్క్రూ తలని ఇంజిను వైపుకి తిప్పి బిగించాడు. ఆ బిగించింది నువ్వేనని తర్వాత తెలిసింది. తల్లీ, స్క్రూ తల ఎప్పుడూ చెయ్యి అందేవైపు ఉండాలి.

కొత్త పైపు కొసకి సబ్బు నీళ్లు రాస్తే ఒక్క తోపుకి ఎక్కింది. చేతి అలవాటు కొద్దీ టర్బో మూతికి ముందే కుళాయి మరలకి వాడే తెల్ల టేపు నాలుగు చుట్లు కూడా చుట్టాను. అప్పుడు టీచరమ్మ చివరి వరస చదివింది: "బిగించాక లీకులు లేవని పరీక్షించుకోవాలి."

అమ్మడూ, ఆ మాట ప్లంబరు దగ్గర అనకూడదు. లీకు పరీక్షకి నా చేతులకి తెలిసిన పద్ధతి ఒక్కటే. పిల్ల గొట్టానికి బిరడా కొట్టి, పై కొసలో ఒక మగ్గు నీళ్లు పోశాను. మట్టం దిగిపోయింది. జాయింటు కింద చెయ్యి పెట్టి చూశాను, చుక్క లేదు. ఇంకో మగ్గు పోశాను. అదీ దిగింది, చుక్క లేదు. కారకుండా తాగే పైపుని నా సర్వీసులో చూడలేదు.

"నీళ్లు ఎక్కడికి పోతున్నాయి బాబాయ్‌గారూ?" అంది టీచరమ్మ.

"అదే కనిపెట్టాలి" అని బకెట్ తెచ్చాను.

సగం బకెట్ అయ్యాక గుర్తొచ్చింది, అవతలి కొసన ఉన్నది ట్యాంకు కాదు, ఇంజినని.

కొంప మునిగిందనుకున్నాను. ఒకసారి స్టార్ట్ చేస్తే ఆ ఊపుకి నీళ్లు బయటికి కొట్టేస్తుందేమో అని తాళం కోసం ఇల్లంతా వెతికాను. ఈలోగా మీ అమ్మ వచ్చింది. షెడ్డులో తడి చూసి, "కారు కడిగారా?" అంది.

"లోపల కడిగాను" అన్నాను.

నీకు పని నేర్పిన గ్యారేజీ మేస్త్రి కబురందిన అరగంటలో వచ్చాడు. అంతా విని, కుర్చీ అడిగి, కూర్చుని మరీ నవ్వాడు. ఉన్నట్టుండి నవ్వాపి, "తాళం తిప్పారా అన్నగారూ?" అన్నాడు. లేదన్నాను. "తిప్పుంటే ఇంజినుకి నీళ్లొదులుకోవడమే. లోపల కడ్డీలన్నీ వంగిపోయేవి" అన్నాడు. మీ అమ్మ సంచీలోంచి తాళం తీసి నాకు చూపించి, మళ్లీ సంచీలోనే వేసుకుంది. ఆవిడ బజారుకి కూడా దాన్ని పట్టుకెళ్లిందంటే నా మీద ఎంత నమ్మకమో చూడు.

అతను ముందు బంపరు ఊడదీసి, గాలి చల్లార్చే పెట్టె బయటికి తీసి వంచితే, నేను పోసిన నీళ్లన్నీ అందులోంచి వచ్చాయి. ప్లగ్గులు తీసి దీపం వేసి చూసి, "ఇంజినుదాకా చేరలేదు, బతికింది" అన్నాడు. తెల్ల టేపు చూసి మళ్లీ కుర్చీ అడిగాడు. ఆ పరీక్ష గాలితో చేస్తారట, ఆ ముక్క కాగితంలో రాయడానికి వాళ్లకేం రోగం? అంతా ఆరబెట్టి తిరిగి బిగించడం రెండు రోజుల పనట. నువ్వు తప్ప ఇంకెవరు బిగించినా నువ్వు మళ్లీ విప్పుతావని అతను ముట్టుకోలేదు. అన్నీ వరసగా గుడ్డ మీద పరిచి వెళ్లాడు.

మీ అమ్మ మళ్లీ వచ్చి నిలబడింది. "ఎందుకు చేశారో కూడా రాయండి" అంటోంది. నీళ్ల సంగతి రాయడమే తేలిక.

పోయినసారి పది రోజుల సెలవుకి వచ్చి ఎనిమిది రోజులు ఆ కారు కిందే ఉన్నావు. భోజనానికి పిలవడానికి వచ్చినప్పుడల్లా నాకు నీ కాళ్లే కనిపించేవి. ఆ కాళ్లతోనే రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయేవాడిని. నువ్వు వెళ్లాక మీ అమ్మ, "పిల్ల మొహం చిక్కిందంటారా?" అని అడిగితే చెప్పలేకపోయాను. పాదాలు బాగానే ఉన్నాయన్నాను. ఈసారి సెలవు ఆఖరి రోజున కొండ దారి పోటీ కూడా ఉందన్నావు. పైపు నేనే బిగించేస్తే నాలుగు రోజులైనా మా ఎదురుగా కూర్చుంటావని ఆశపడ్డాను. అంతే తల్లీ. నిన్ను చూడాలని ఉంది. నాలుగు రోజులు మిగల్చబోయి రెండు రోజుల పని పెంచాను. ఈ ముసలాణ్ణి క్షమించు.

నువ్వు కారు కిందికి దూరే చక్రాల పలక ఒక్కటే ఉంది కదా. పాత తలుపు చెక్కకి నాలుగు చక్రాలు బిగించి ఇంకోటి తయారుచేశాను. ఈసారి నేనూ నీ పక్కనే కిందికి వస్తాను. దేన్నీ ముట్టుకోను, ఊరికే టార్చిలైటు పట్టుకుంటాను. ఆ వెలుగు పైపు మీద పడకుండా మాటిమాటికీ నీ మొహం మీద పడితే మాత్రం కోప్పడకు.

ఇట్లు,
మీ నాన్న