నన్ను పండుకోమన్నది

డిసెంబర్, బుధవారం రాత్రి, ఎల్లారెడ్డి

వారం నుంచి తెల్లవారుజామున సునీత ఫోన్ చేసి ఒకటే మాట: "మస్తు చలి పెడుతుందే, నేను రాను. నువ్వు గూడ పండుకో." నమ్మి దుప్పటి కప్పుకున్నాను. ఇద్దరం కానిస్టేబుల్ సెలెక్షన్ కోసమే ఉరుకుతున్నాం కదా, ఆగితే ఇద్దరం ఆగినట్టే అనుకున్నాను.

ఇవాళ మనసొప్పక ఒక్కదాన్నే నాగిరెడ్డిపేట రోడ్డు పట్టాను. మంచులోంచి అమ్మాయిల గుంపు ఎదురుగా పరుగెత్తుకుంటూ వచ్చింది. అందరికన్నా ముందు సునీత. నెత్తిన నా మంకీ క్యాప్. చెవులు నొస్తున్నాయంటే నేనే ఇచ్చాను.

నన్ను చూసి ఆగింది. "గట్ల కాదే, నీకు చెప్దామనే అనుకున్న..." అన్నది. వాళ్లంతా కామారెడ్డి కోచింగ్‌కు పోయే ఇక్కడి అమ్మాయిలేనట, వారం నుంచి తను వాళ్లతోనే ఉరుకుతున్నదట. డొక్కలో నొప్పంటూ తను కూర్చున్న ప్రతిసారీ నా పరుగు ఆపుకుని పక్కన కూర్చున్నదాన్ని.

అమ్మకింకా చెప్పలేదు. అన్నం పెడుతూ, "సునీతే నయం, నీ పానం గురించి ఆలోచిస్తది" అన్నది.

వాళ్లతో ఉరికితే ఉరకనీ. ఒట్టిగా రానంటే సరిపోయేది. నన్నెందుకు పండుకోమన్నది?