రెండు గళ్ళ చొక్కాలు

చిరంజీవి బుజ్జమ్మకు అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమమే అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. ప్రస్తుతానికి అలాగే అనుకో.

కాళ్ళ వాపులకు భయపడకు. కాళ్ళు పీట మీద పెట్టుకుని కూర్చో, వంట మీ ఆయన చేస్తాడు. బొంతలో ఎర్ర ముక్క ఎవరిదని అడిగావు. మీ తాతమ్మది. ఆవిడ నోటికి జడిసి వీధి వీధంతా తలుపులు వేసుకునేదట. పక్కనున్న పసుపు ముక్క సంగతి కడుపుతో ఉన్నవాళ్ళు వినకూడదు, నీ కాన్పయ్యాక చెప్తాను.

మన ఇంట్లో పోయినవాళ్ళ బట్టే బొంతకెక్కుతుందని నీకు తెలుసు. ఒకసారి కుట్టింది విప్పకూడదనీ, విప్పితే మరొకరిని అడుగుతుందనీ మీ నాయనమ్మ మరీమరీ చెప్పి పోయింది. నీకు పంపేలోగా మీ బాబాయి ముక్క కూడా వేయాలని పోయిన నెల కూర్చున్నాను.

ఇక దాచలేను. అన్నదమ్ములిద్దరూ ఒకే తానులో చొక్కాలు కుట్టించుకునేవారు కదా. నీలం గళ్ళ చొక్కా వీపు కత్తిరించి, అంచు మడిచి నిబ్బరంగా కుట్టేశాను. మూడోనాడు మీ నాన్న బీరువా ముందు నిలబడి, "నా గళ్ళ చొక్కా ఏదే? ఇది తమ్ముడిది. జేబుకి ఇంకు మరక చూడు" అన్నారు. ఉతకడానికి వేశానని అబద్ధమాడాను.

ఆ వారమే ప్రెస్సులో మెషీను దగ్గర కళ్ళు తిరిగి పడ్డారు. గుండెలో ఏదో అడ్డుందట. గురువారం ఆపరేషన్. "కడుపుతో ఉన్నదానికి రాయకు" అన్నారు. డాక్టరేమో, "ఈ వయసులో మామూలేనమ్మా" అంటాడు. బొంత సంగతి ఆయనకేం తెలుసు? నువ్వు నవ్వుతావని తెలుసు, నవ్వుకో. నాకు మాత్రం అన్నం సహించడం లేదు.

రెండుసార్లు విప్పబోయాను. కత్తెర కుట్టుకి ఆనించగానే కళ్ళు ఆ పసుపు ముక్క మీద పడ్డాయి. మరొకరంటే నువ్వే గుర్తొచ్చావు. వదిలేశాను.

చివరికి ఈ ఉదయం నా ఆకుపచ్చ చీర కొంగు కత్తిరించి, మీ నాన్న ముక్క మీద, ఒక్క గడి కూడా బయటికి కనపడకుండా వేసి కుట్టేశాను. ఆయన్ని వెతుక్కుంటూ ఏదైనా వస్తే ముందు నేనే కనపడాలి. కొంగు ఏమైందంటే ఎలుక కొట్టిందన్నాను. "ఎంత నీటుగా కొట్టిందే!" అని నవ్వారు.

మీ బాబాయికి ఇంకా చోటివ్వలేదు. మళ్ళీ కత్తెర పట్టాలంటే భయంగా ఉంది. బొంత పంపుతున్నాను, బిడ్డకు కప్పు. గురువారం ఎలా గడిచినా సరే, ఆ ఆకుపచ్చ ముక్క మాత్రం విప్పకు తల్లీ.

ఇట్లు,
ధైర్యం చాలని మీ అమ్మ