సుత్తి పెట్టిన గూడు

మార్చి 3, ఆదివారం, సాయంత్రం

తమ్ముడికి గూడు దొరికింది. రాతి లోపల క్రిస్టల్స్ పెరిగే బోలుని మేం గూడు అంటాం.

మూతబడ్డ క్వారీలో కింది గోడ. పొద్దుటి నుంచి ముగ్గురం రాళ్ళు కొడుతున్నాం. నేను, తమ్ముడు, బావగారు. ఒకచోట తమ్ముడి ఉలి ఉన్నట్టుండి దిగబడిపోయింది. రాయి ఊడదీసి చెయ్యి పెట్టాడు. మోచేయి దాకా వెళ్ళింది. ఏముందిరా అంటే, నువ్వే చూడక్కా అన్నాడు. టార్చి వేశాను. తేనెరంగు బెరైట్ క్రిస్టల్స్. అరచేయంత పలకలు, బ్లేడుల్లాంటి అంచులు, ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉన్నాయి. బెరైట్ అంటే మన ముగ్గురాయే, దాన్ని జనం లారీలకెత్తి పిండి కొట్టిస్తారు. అలాంటి పిండినే కలిపి నేను ఎక్స్‌రే రూములో పేషెంట్లతో తాగిస్తాను. మేమేమో దూదిలో చుట్టి దాచుకుంటాం. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

పైనున్న బండ వదులుగా ఉంది. పలుగు ఆనించకుండా ఇంకా లోపలికి పోవద్దన్నారు బావగారు. రాళ్ళ విషయంలో ఆయన మాటంటే మాటే. మా ఆయనకి అన్న, మా పై వాటాలోనే ఉంటారు. జీవితమంతా క్వారీల్లో బండలు పేల్చిన మనిషి. మా ఇద్దరికీ ఈ పిచ్చి ఎక్కించింది ఆయనే.

గూటి నోటికి మట్టి కొట్టి, తమ్ముడు తన సుత్తి అడ్డంగా పెట్టి వచ్చాడు. సుత్తి పెట్టిన గూట్లో ఇంకొకరు చెయ్యి పెట్టరు. రాళ్ళు ఏరేవాళ్ళలో దొంగలున్నారు, అబద్ధాలకోరులున్నారు, ఈ ఒక్క కట్టుబాటు మాత్రం ఎవరూ తప్పరు.

మార్చి 7, గురువారం

పైన కుళాయి ఆగడం లేదు. బ్రష్ చప్పుడు. ఏదో కడుగుతున్నారు.

మార్చి 8, శుక్రవారం

మేడెక్కాను. బల్ల మీద తడి గోనె, దాని మీద మా తేనె పలకలు.

బావగారు దాచలేదు. టీ తాగుతావా అమ్మా అని కూడా అడిగారు. అక్కడ సుత్తి పెట్టి ఉంది కదా బావగారూ అన్నాను. ఆ సుత్తి వాడికి కొనిచ్చింది నేనేగా, నా సుత్తి ఉన్న గూడు నాది కాక ఇంకెవరిదీ అని నవ్వారు. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? తమ్ముడికి ఫోన్ చేశాను.

వాడు టైల్స్ పని మధ్యలో వదిలేసి, సిమెంటు చేతులతోనే వచ్చాడు. మాటా మాటా పెరిగింది. బావగారి చెంప పగలగొట్టాడు. తండ్రి వయసు మనిషిని. అన్నని కొడతావురా అంటూ మా ఆయన వాణ్ణి కాలరు పట్టుకుని మెట్ల మీంచి ఈడ్చాడు. గడ్డం మెట్టుకి కొట్టుకుని పన్ను ఊడింది. నేను మా ఆయన చెయ్యి కొరికాను. నోట్లోకి ఉప్పగా వచ్చింది.

మెట్లు కడిగాను.

మార్చి 9, శనివారం

ఇంట్లో ఎవరికీ ఎవరితోనూ మాటల్లేవు. సాయంత్రం బావగారే దిగి వచ్చారు. గూట్లో మనం చూసింది తోకేనట, తలకాయ ఇంకా లోపలుందట. ఆ లోపలిదంతా మీ తమ్ముడిదే, పిలువు అన్నారు. చెంప ఇంకా కమిలే ఉంది.

తమ్ముడు వస్తానన్నాడు. పన్నూ లేదు, సిగ్గూ లేదు. నేను వద్దనలేదు. నాకూ ఆ లోపలిది చూడాలనే ఉంది.

మార్చి 10, ఆదివారం

కళ్ళారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

బండ కింద పలుగు నిలబెట్టాం. తమ్ముడు బోర్లా పడుకుని కుడి చెయ్యి భుజం దాకా పెట్టాడు. దొరికిందక్కా, చాలా పెద్దది, చేతిలో పట్టడం లేదు అన్నాడు. నేను టార్చి పట్టుకున్నాను. బావగారు నా వెనక ఉన్నారు. చెంప తడుముకున్నారు. తర్వాత బూటు మడమతో పలుగుని తన్నారు. కాలు జారలేదు. తన్నారు. అది కదలకపోతే మళ్ళీ తన్నారు.

బండ పడిన చప్పుడు పెద్దగా లేదు. తమ్ముడి అరుపే క్వారీ గోడలకి తగిలి మళ్ళీ మళ్ళీ వచ్చింది.

అదే పలుగుతో బండ ఎత్తాం, నేనూ బావగారూ. చెయ్యి బయటికి వచ్చింది. చెయ్యి అనడానికేమీ లేదు. ఆ నలిగిన వేళ్ళ మధ్య క్రిస్టల్ ఉంది, చెక్కు చెదరకుండా. ఆయన ముందు వేళ్ళు విప్పి రాయి తీసుకున్నారు. చల్లటి గూట్లోంచి వచ్చింది కదా, ఎండ తగిలితే పగులుతుందని తడి గుడ్డలో చుట్టారు. ఆ తర్వాతే తమ్ముడి చేతికి గుడ్డ కట్టారు.

ఇక్కడితో గారు లేదు, బావా లేదు. ఇకనుంచి ముసలాడు అనే రాస్తాను.

అదే రోజు

ఎక్స్‌రే నేనే తీశాను. డ్యూటీలో ఉన్నతన్ని బయటికి పంపేశాను. మూడు వేళ్ళ ఎముకలు పిండి.

మార్చి 12, మంగళవారం

మూడు వేళ్ళు తీసేశారు. ఇక టైల్స్ పని లేదు.

పోలీసు వచ్చాడు. తమ్ముడు బండ జారిందని చెప్పాడు. పోలీసు వెళ్ళాక, ఎందుకురా అని నిలదీశాను. కేసైతే క్వారీకి కాపలా పెట్టేస్తారక్కా, మళ్ళీ ఎవర్నీ పోనివ్వరు అన్నాడు. వాణ్ణి అక్కడే లాగి కొట్టాలనిపించింది. కట్టు చూసి ఊరుకున్నాను.

మార్చి 14, గురువారం

పెద్ద గిన్నెలో నీళ్ళు మరగబెట్టి మేడెక్కాను.

బెరైట్‌కి వేడి పడదు. గోరువెచ్చటి నీళ్ళు కూడా పోయకూడదని నాకు నేర్పింది ముసలాడే. ముసలాడు రాళ్ళు దాచుకునే ట్రేలన్నీ నేల మీద పరిచి సలసల కాగే నీళ్ళు పోశాను. చిటపటా పగిలాయి. నీలం, తెలుపు, పాతికేళ్ళనాటివి, ఊళ్ళు తిరిగి తెచ్చినవి. తమ్ముడి చేతిలోంచి తీసుకున్న దాన్ని చివరికి ఉంచాను.

దాని మీద పోస్తుంటే ముసలాడు స్నానాల గదిలోంచి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. మోకాళ్ళ మీద కూలబడి, పొగలు కక్కే నీళ్ళలో చెయ్యి పెట్టి రాయి తీయబోయాడు. బల్ల మీద సుత్తి ఉంది. ఆ చేతి మీద వేశాను. విరిగింది రాయో ఎముకో తెలియలేదు. మళ్ళీ వేశాను. చెయ్యి తీయడే. రాయి మీద కప్పి అలాగే ఉంచాడు. దాంతో ఒళ్ళు మండి ఇంకా ఇంకా వేశాను.

మా ఆయన వచ్చి నా జుట్టు పట్టుకుని లాగి గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లింది. హాయిగా ఉంది. రాసుకోవడానికి సిగ్గెందుకు, హాయిగానే ఉంది.

మార్చి 15, శుక్రవారం

ముసలాడు కూడా ఆస్పత్రిలో బండ జారిందనే చెప్పాడట.

మార్చి 17, ఆదివారం

తమ్ముడికి రాళ్ళ సంగతీ, ముసలాడి సంగతీ చెప్పాను. నీ చేతికి చెయ్యి తీసుకున్నానురా అన్నాను. సంతోషిస్తాడనుకున్నాను. తేనెది కూడా పోయిందా అని అడిగాడు. అన్నీ పోయాయి అన్నాను. పెద్దది కూడానా అన్నాడు. అవునన్నాను.

ఎడం చేత్తో దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. వేళ్ళు పోయినప్పుడు ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చాడు. నన్ను వెళ్ళిపొమ్మన్నాడు.

మార్చి 20, బుధవారం

వార్డులో మంచాలు చాలక తమ్ముణ్ణీ ముసలాణ్ణీ పక్కపక్కన వేశారు.

తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఆ రాయి గురించే. అంచు ఎంత పల్చనో తమ్ముడు చెబుతున్నాడు. వెలుతురులో పెడితే లోపల ఎరుపు ఎక్కడ కనిపించేదో ముసలాడు చెబుతున్నాడు. కట్లు కట్టిన చేతులు గాల్లోకి ఎత్తి, ఇంత ఉండేది, కాదు ఇంకాస్త, అని కొలత చూపించుకుంటున్నారు.

లోపలికి అడుగు పెట్టాను. ఇద్దరూ మాట ఆపేశారు.